తండా పంచాయితీకి కుట్టిన బిళ్లలు

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. కూర్చుంటే లేవబుద్ధయ్యేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. కాలుగాలిన పిల్లిలా తిరుగుతావేమే అని మా అవ్వ తిట్టీ తిట్టీ విసిగిపోయి, చివరికి నన్ను కుట్టుమిషను ముందు కూర్చోబెట్టింది. కాళ్లు ఆడుతూనే ఉంటాయి, పనీ అవుతుంది, పీడా వదులుతుంది అనుకున్నట్టుంది. పీడ వదల్లేదు గానీ పని మాత్రం వచ్చింది.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే బాట మీద మా బాపుది దర్జీ దుకాణం. ఫ్యాక్టరీ కాపలావాళ్లకు, అడవి జవాన్లకు, కోర్టు బంట్రోతులకు బట్టలు కుట్టేవాడు. చొక్కాలు, లాగులు బాపు పని. భుజం మీదా ఛాతీ మీదా వేసే గుడ్డ బిళ్లలు నా పని. మిషను పాదం తీసేసి, బట్టను చెక్క రింగులో బిగించి, సూది కింద రెండు చేతులతో తిప్పుకుంటూ పోతే బట్ట మీద అక్షరమో బొమ్మో లేచేది. పెళ్లయ్యాక కూడా ఆ పని విడువలేదు. అత్తగారిల్లు రెండు సందుల అవతలే. నా పెనిమిటి అదే ఫ్యాక్టరీలో చెరకు పాకం వండే దగ్గర పనిచేసేవాడు. గానుగ మొదలైందంటే మనిషి ఇంట్లో ఉన్నా లేనట్టే, పడుకున్నా నిద్రలో పాకం కలుపుతున్నట్టే చెయ్యి తిప్పేవాడు.

అరవైల్లో ఒక చలికాలం సంగతి ఇది. చెరకు బండ్లు ఊరి బయటి దాకా బారు కట్టి ఉండేవి. ఫ్యాక్టరీ కూత వేసినప్పుడల్లా నేను ఉలిక్కిపడేదాన్ని. ఏళ్ల తరబడి విన్న కూతే, అయినా ప్రతిసారీ నన్నే ఎక్కడికో పిలుస్తున్నట్టు ఉండేది. ఎక్కడికని అడిగితే చెప్పలేను. ఊరికే మిషను మీద నుంచి లేచి గడప దాకా పోయి, బండ్లను చూసి, మళ్లీ వచ్చి కూర్చునేదాన్ని. బాపు కత్తెర ఆపి, ఏం పోయిందే నీకు అని అడిగేవాడు. నాకే తెలిస్తే కదా.

అలాంటి ఒక పొద్దున మా దుకాణానికి వర్ని బాట మీది ఒక లంబాడీ తండా నాయక్ వచ్చాడు. పెద్ద మనిషి, తెల్ల మీసాలు, ఎర్ర తలపాగా. వెంట పాతికేళ్లు కూడా ఉండని ఒక ఆడమనిషి. ఆమె లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చుంది. నాయక్ బాపు ముందు చతికిలబడి, తనకు బిళ్లలు కావాలన్నాడు. తండాలో తగువులు తీర్చేది నాయక్. పక్కన కూర్చుని మంచీ చెడూ చెప్పేవాడు కార్బారి. ఆ పంచాయితీని వాళ్లు నసాబు అంటారు. నాయక్‌కు ఒకటి, కార్బారికి ఒకటి, తగువు ఉందని మనుషుల్ని పిలుచుకొచ్చేవాడికి ఒకటి.

ఎందుకని బాపు అడిగాడు. ఏదో భూమి గొడవలో సాక్ష్యానికని నాయక్ నిజామాబాదు కచేరీకి పోయాడట. పొద్దున్నుంచి నిలబడి చూశాడట.

"దర్జీ అన్న, ఆడ ఒక జవాను ఉన్నడు. ఇంతే ఉన్నడు మనిషి, ఉఫ్ అంటే పడతడు. ఛాతి మీద బిళ్ల ఉన్నది. ఆడు పిలిస్తే పట్వారి సుత లేచి ఉరికిండు. మా మనిషి పోయి పిలిస్తే మా పోరగాండ్లు బీడీ అయిపోయినంక వస్తమంటున్రు."

బాపు నవ్వాడు. నాయక్ నవ్వలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, ఇక్కడ ఇంట్లోనే మాట చెల్లక రచ్చలో ఉన్న బిళ్లను అరువడగడానికి వచ్చాడాయన. పైగా ఈసారి వచ్చిన తగువు చిన్నది కాదన్నాడు. అరుగు మీదున్న ఆమె వైపు గడ్డంతో చూపించాడు.

ఆమె వాళ్ల తండా ఆడబిడ్డ. మోస్రా దిక్కు వేరే తండాలో ఇచ్చారు. ఆమె మగడు ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే, ఈమె కట్టుబట్టలతో పుట్టిన తండాకు వచ్చేసింది. వాళ్లేమో అలాంటిదేమీ లేదు, వచ్చినామె చెరకు కోతకు తెచ్చుకున్న కూలిమనిషి, మా కోడలు చెప్పకుండా లేచిపోయింది, పంపండి అంటున్నారు. కళ్లారా చూసిన సాక్ష్యం ఎవరూ లేరు. నసాబులో అబద్ధమని తేలితే ఈమె మళ్లీ ఆ ఇంటికే పోవాలి. పోతే మాత్రం చెరువో బావో చూసుకుంటానని ఈమె చెప్పేసింది. అవతలి తండా వాళ్లు తన పిలుపును ఖాతరు చేయరేమోనని నాయక్ బెంగ.

గుర్తు ఏం వేయాలనే దగ్గర తగువు మా దుకాణంలోనే మొదలైంది. జవాను బిళ్ల మీద చూసిన సింహాలే కావాలన్నాడు నాయక్. అవి సర్కారు సింహాలు, కుడితే నిన్నూ నన్నూ ఒకే బేడీలో వేస్తారని బాపు చెప్పాడు. పోనీ తరాజు వేద్దామన్నాడు. నాయక్ మొహం ముడుచుకున్నాడు. తరాజు చూస్తే తమవాళ్లకు సేటు యాదికొస్తాడు గానీ న్యాయం యాదికి రాదన్నాడు. జోడెడ్లు వేద్దామా అన్నాను నేను. అది ఓటు గుర్తు అని ఇద్దరూ ఒక్కసారే నా మీద పడ్డారు. చివరికి ఒక్క ఎద్దు దగ్గర తేలింది. వీపు మీద రెండు వైపులా గోనెలు వేలాడే ఎద్దు. వాళ్ల తాతలు అలాంటి ఎడ్ల మీద ఉప్పు మోసుకుంటూ దేశాలు తిరిగారట. తిరగడం అనే మాట వినగానే నాకు ఆ ఎద్దు మీద ఇష్టం పుట్టింది.

పసుపు దారం మంచిది బోధన్‌లో దొరకలేదు. నిజామాబాదు బజారుకు నేనే పోయి తెస్తానని పట్టుబట్టి, బాపు వద్దంటున్నా బస్సెక్కాను. దారం కోసం పోయానో, బస్సు కోసం పోయానో మీరే అనుకోండి. కుట్టేటప్పుడు మాత్రం చేయి నిలవలేదు. ఎద్దు కాళ్లు నడుస్తున్నట్టు రావాలని మూడు గుడ్డలు పాడు చేశాను. ఖాకీ గుడ్డ మీద పసుపు ఎద్దు, ఎర్ర గోనెలు. నాలుగోది చూసి బాపు మెచ్చుకున్నట్టు గొణిగాడు. ఆయన గొణగడమే ఎక్కువ. మిగతా రెండూ అదే తీరుగా కుట్టాను.

నాయక్ వచ్చి చూశాడు. చేత్తో తడిమాడు. బాగుంది గానీ మాది అనిపిస్తలేదన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎద్దు మీది, గోనె మీది, ఉప్పు మీది, ఇంకేం కావాలి అని అడుగుదామనుకున్నాను. ఆయన ఆ లోపే అరుగు మీదున్న ఆమెను పిలిచి, చుట్టూ మన అద్దాలు వెయ్యి అని బిళ్లలు చేతికిచ్చాడు.

ఆమె తన సంచిలోంచి చిన్న చిన్న అద్దాలు, రంగు దారాలు తీసి అక్కడే మొదలుపెట్టింది. గీత గీయదు, కొలత పెట్టదు. సూది పోతున్న చోటుకు బట్టే వచ్చి నిలబడినట్టు ఉండేది. మూడు బిళ్లలూ అయ్యేదాకా ఆమె రోజూ వచ్చి మా అరుగు మీదే కూర్చుని కుట్టింది. నేను మిషను మీద నుంచి లేచి పదిసార్లు గడప దాకా పోతుంటే, ఆమె ఒక్కసారి కూడా కదిలేది కాదు. నాకు ఒళ్లు మండేది. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి ఇంత కుదురేమిటి అనుకునేదాన్ని. ఒకరోజు అడిగేశాను, భయం లేదా నీకు అని. చేయి ఆపితే భయమైతది అక్కా, అందుకే ఆపుతలేను అంది. ఆ తర్వాత నేను గడప దగ్గరికి పోయినప్పుడు ఆమె పక్కన కాసేపు కూర్చుని వచ్చేదాన్ని.

బిళ్లలు పని చేశాయి. పిలుచుకొచ్చే మనిషి ఖాకీ చొక్కా మీద అద్దాల బిళ్ల తళతళలాడించుకుంటూ పోయేసరికి, మోస్రా దిక్కు తండావాళ్లు సర్కారు మనిషేమోనని మంచాలు వేసి కూర్చోబెట్టారట. వచ్చే అంగడి మరునాడు వస్తామని మాటిచ్చారట. నాయక్ ఆనందం పట్టలేక, మీరు కుట్టిన బిళ్లలు ఎట్ల కొలువైనయో చూసిపోవాలని మమ్మల్ని నసాబుకు పిలిచాడు. మేకను కోస్తారని తెలిసి బాపు ఒప్పుకున్నాడు. నాకు మేకతో పని లేదు. ముందురోజు నుంచే నాకు తిండి సహించలేదు.

తండా నడుమ ఖాళీ జాగాలో అందరూ నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. ఒక పక్క వీళ్లు, ఒక పక్క వాళ్లు. నాయక్, కార్బారి బిళ్లలు పెట్టుకుని నడుమ కూర్చున్నారు. ఆడవాళ్లు వెనక. మాటలన్నీ వాళ్ల భాషలోనే జరిగాయి. దుకాణానికి వచ్చేపోయే తండా ఆడవాళ్ల వల్ల నాకు సగం తెలుసు, మిగతా సగం పక్కనున్న ముసలామె చెప్పింది. ఇక్కడ మా మాటలోనే రాస్తున్నాను.

మొదట అవతలివాళ్ల పెద్దలు మాట్లాడారు. కూలిమనిషి కథే మళ్లీ చెప్పారు. మగడు తల వంచుకుని నేల గీస్తున్నాడు. ఇంతలో వాళ్ల ఆడవాళ్లలోంచి ఒక ముసలామె లేచి నేరుగా నాయక్ ముందుకు వచ్చింది. మా అరుగు మీద కుట్టినామెకు అత్త. వంగి, నాయక్ ఛాతీ మీది బిళ్లను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. కంటిచూపు సరిగా లేదేమో, అద్దాల చుట్టూ వేలితో తడిమింది. మగవాళ్లంతా విస్తుపోయి చూస్తున్నారు.

"ఇది నా కోడలు చెయ్యి," అంది. "తగువు ఎవలదో వాళ్ల కుట్టు ఛాతి మీద వేసుకొని తీర్పు చెప్తవా నాయక్?"

నాకు అర్థం కాలేదు. పక్కనున్న ముసలామె నా మోచేయి గట్టిగా పట్టుకుంది. తండాలో ఆడవాళ్లకు ఒకరి కుట్టు ఒకరికి తెలుస్తుందట. దారం ఎట్లా మలిపారు, అద్దాన్ని ఎంత బిగించారు, మొహం చూసినట్టే పోల్చుకుంటారట. మగవాళ్లకు మాత్రం అన్నీ అద్దాలే. వీళ్ల తండా ఆడవాళ్లలో ఎవరైనా ముందే చూసి ఉంటే ఆపేవాళ్లు. నాయక్ మాత్రం వాటిని ఎవరి కంటా పడకుండా దాచి, ఆ రోజే మొదటిసారి వేసుకున్నాడు. పిలుచుకొచ్చేవాడు పోయినప్పుడు కూర్చోబెట్టి మర్యాద చేసింది మగవాళ్లే.

ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వచ్చి బిళ్ల చూశారు. వీళ్ల తండా వాళ్లే. చూసి ఏమీ అనకుండా వెనక్కి పోయారు. అనకపోవడంతోనే తేలిపోయింది. నాయక్ మొహంలో నెత్తురు లేదు. నేనే వేయమన్న, నాకు తెల్వదు అన్నాడు. అవతలి పెద్దలు లేచి నిలబడ్డారు. ఈ నసాబు చెల్లదు, ఇకమీద తగువు మా తండాలోనే, మా నాయక్ ముందే జరగాలి అన్నారు. అక్కడ జరిగితే ఈమె పని అయిపోయినట్టే. అది అందరికీ తెలుసు. లేచి ఏదైనా అనాలని ఉంది, ఏమనాలో తెలియదు. బాపు నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టాడు.

అప్పుడు ఆమె లేచింది. మా అరుగు మీద అన్ని రోజులు కదలకుండా కూర్చున్న మనిషి, పిలవకుండానే మగవాళ్ల గుండ్రంలోకి వచ్చి నిలబడింది.

"సరే, నా కుట్టు ఉన్నోళ్లు ఈ నసాబుల కూసోవద్దు. లేవుండ్రి మరి," అంది అవతలివాళ్లతో. "మామ, నీ ఆకువక్కల సంచి నా చెయ్యి. నీ పక్కాయనది సుత. అత్త, నీ రవిక, నీ నెత్తి మీది ముసుగు నా చెయ్యి. మీ నాయక్ రుమాలు అంచు సుత నేనే కుట్టిన. ఆడికి పోయినా ఆయన ముందే కద నిలబడేది."

ఆ తండా పెద్దలు తమ నడుములకు వేలాడుతున్న సంచుల వైపు చూసుకున్నారు. ఒకాయన తన సంచిని మెల్లగా ధోతి మడతలోకి తోశాడు. వెనకనున్న ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు అక్కడే ఆగిపోయింది, ఎందుకంటే అత్త తన తల మీది ముసుగు మీద చేయి వేసింది. తీస్తుందేమోనని అందరం బిగుసుకుపోయాం. మగవాళ్ల ముందు నెత్తి మీది గుడ్డ తీయడమంటే మాటలు కాదు.

ఆమె తీయలేదు. అంచు మీద వేళ్లు పెట్టుకుని అట్లాగే నిలబడింది. కోడలి వైపు చూడకుండా, కొడుకు వైపు చూస్తూ చెప్పింది.

"వీడు ఇంకోతెను తెచ్చుకున్నది నిజమే. వీనికి ఇది అక్కరలేదు. నాకే కావాలె. నాకు కండ్లు అవుపడ్తలేవు. ఇది పోయినకాడికెల్లి ఇంట్ల నాతోని మాట్లాడేటోళ్లు లేరు."

కొడుకు లేచి, అమ్మను ఒక తిట్టు తిట్టి, బండ్ల వైపు వెళ్లిపోయాడు. నాయక్ లేచి చొక్కా విప్పాడు. బిళ్ల లోపలికి వచ్చేలా మడిచి పక్కన పెట్టాడు. వట్టి ఒంటి మీద, నెత్తి మీది తలపాగాతో మళ్లీ కూర్చున్నాడు. కార్బారి కూడా చొక్కా విప్పాడు. చలికి ఇద్దరి రొమ్ముల మీదా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అప్పుడు నాయక్ తీర్పు చెప్పాడు. ఆడమనిషికి విడుదల. ఆ ఇంటికీ ఆమెకూ ఇకమీద ఏ సంబంధం లేదు. రెండు తండాలూ ఈ మాట మళ్లీ ఎత్తకూడదు. అవతలి పెద్దలు కూడా సరేనన్నారు. సొంత ఇంటి మనిషే చెప్పిన నిజానికి ఎదురేం చెప్తారు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆమెను వెతుక్కుంటూ పోయాను. వీళ్ల ఆడవాళ్లంతా ఆమె చుట్టూ మూగి ఉన్నారు, ఆమె మాత్రం వాళ్ల భుజాల మీదుగా బండ్ల వైపు చూస్తోంది. అవతలివాళ్లు మేక కూర ముట్టకుండానే బండ్లు కట్టారు. కొడుకు ఎక్కిన బండి అత్త ఎక్కకముందే కదిలింది. రెండో బండిలో ఆడవాళ్లు ఆమెను చూసి జరగలేదు. ముసలామె ఎవరినీ అడగలేదు. చేత్తో దారి తడుముకుంటున్నట్టు, బండ్ల వెనక చెరకు తోటల నడుమ బాట పట్టి నడిచింది.

ఈమె ఆడవాళ్లను తోసుకుని ఉరికింది. నేనూ ఉరికాను. బాపు వెనక నుంచి పిలుస్తున్నాడు. తోట మొదట్లో ఈమె అత్తను అందుకుని చేయి పట్టుకుంది. ఈ రాత్రి నా గుడిసెలో ఉండు, పొద్దున నేనే దించి వస్తాను అంది. ముసలామె చేయి విడిపించుకుంది. కోపంగా కాదు, గాజు గ్లాసు చేతిలోంచి తీసి పక్కన పెట్టినట్టు మెల్లగా విడిపించుకుంది. తీర్పయింది, నాకూ నీకూ ఇప్పుడేం లేదు, ఇంటికి పో అంది. మళ్లీ నడిచింది.

ఇద్దరం అక్కడే నిలబడ్డాం. మలుపు తిరిగేదాకా ఆ ముసుగు మీది అద్దాలు ఒక్కొక్కటిగా మెరిసి ఆరిపోయాయి. గెలిచావు కదా, ఎందుకేడుస్తావని అడిగాను. నాకు అంతకంటే తెలివైన మాట రాలేదు.

"నేను అడిగింది నాకు దొరికింది అక్కా," అంది. "ఆమె నిజం చెప్పబట్టే దొరికింది. ఇప్పుడు ఆ ఇంట్ల ఆమెకు అన్నం ఎవరు పెడతరు?"